సెట్టింగులు ఎక్కడ పెట్టాలి, పాస్‌వర్డులు ఎక్కడ దాచాలి: కౌంటర్ మీది కంప్యూటర్‌కి ప్రోగ్రాము రాసేవాళ్లకి

భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఒక కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రాము రాసిచ్చాను. ప్రింటర్ పేరు, బిల్లు నంబరు ముందు వచ్చే అక్షరాలు, ఎస్ఎంఎస్ పంపే ఖాతా పాస్‌వర్డు అన్నీ ఒకే ఐఎన్ఐ ఫైల్లో, అంటే సెట్టింగులు వరసగా రాసుకునే మామూలు టెక్స్ట్ ఫైల్లో పెట్టాను. ప్రోగ్రాము పక్కనే, అదే ఫోల్డర్లో. ఒకరోజు అక్కడి గుమస్తా కుర్రాడు ఆ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి ఆకివీడులో వాళ్ల బావగారి కొట్లో పెట్టాడు. ప్రోగ్రాము భేషుగ్గా నడిచింది. నెల తిరిగేసరికి భీమవరం కొట్టు ఎస్ఎంఎస్ బ్యాలెన్సు ఖాళీ. ఆకివీడు రైతుల ఫోన్లకి భీమవరం కొట్టు పేరుతో బాకీ మెసేజీలు. "ఆయ్, ఫోల్డరే కదండీ, కాపీ చేశానండి" అన్నాడు కుర్రాడు. అందులో అతని తప్పేం లేదు. అంత సులువుగా కాపీ అయ్యే చోట పాస్‌వర్డు పెట్టింది నేను.

ఆ రోజు అర్థమైందేంటంటే, సెట్టింగుకీ పాస్‌వర్డుకీ స్వభావం పూర్తిగా ఎదురు. బస్తా 75 కిలోలా 50 కిలోలా, ప్రింటర్ ఏది, అక్షరాల సైజు ఎంత, ఇవన్నీ కంటికి కనపడాలి, చేత్తో దిద్దుకునేలా ఉండాలి, కొత్త సిస్టమ్ కొంటే వెంట రావాలి. పాస్‌వర్డు కనపడకూడదు, వెంట రాకపోయినా ఫరవాలేదు, మళ్లీ ఒకసారి కొట్టుకుంటే సరిపోతుంది. ఈ రెండిటినీ ఒకే చోట పెట్టాలని చూస్తే ఏదో ఒకటి చెడుతుంది. అందుకే కింద ప్రతి చోటునీ సెట్టింగులకి ఎలా ఉంటుంది, పాస్‌వర్డులకి ఎలా ఉంటుంది అని విడివిడిగా తూచాను. ఎక్కువగా విండోస్ గురించే రాశాను, మన కొట్లలో ఉండేది అదే కాబట్టి.

## ముందు కౌంటర్ చుట్టూ ఒకసారి చూడండి

కోడ్ మొదలెట్టకముందు ఆ సిస్టమ్ ముందు ఎవరెవరు కూర్చుంటారో చూసి రండి. మన వైపు కొట్లలో పొద్దున ఓనరు గారబ్బాయి, మధ్యాహ్నం గుమస్తా, సాయంత్రం లెక్కలు రాసే ఆయన. ముగ్గురికీ విండోస్ లాగిన్ ఒకటే. చాలాచోట్ల దానికి పాస్‌వర్డే ఉండదు, ఎందుకంటే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పాస్‌వర్డు కొట్టే ఓపిక ఎవరికీ లేదు. పుస్తకాల్లో రాసే సలహాలన్నీ "ఒక మనిషికి ఒక లాగిన్" అనుకుని రాసినవి. మన దగ్గర ఆ మొదటి మాటే తప్పుతుంది. దాని సంగతి మళ్లీ వస్తాను.

రెండోది, ఎవరి నుంచి దాస్తున్నాం? మూడు రకాల ప్రమాదాలున్నాయి. ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో పోవడం ఒకటి. రిపేరుకిచ్చిన హార్డ్ డిస్కో, పోయిన ల్యాప్‌టాపో ఎవరి చేతికో చిక్కడం రెండోది. అదే లాగిన్‌లో దూరిన వైరస్ లోపల నుంచే చదివెయ్యడం మూడోది. మొదటిదాన్ని ఆపే తాళం మూడోదాన్ని ఆపదు. "ఎన్‌క్రిప్ట్ చేశానండి" అనేవాళ్లని ఈ మూడిట్లో దేన్ని ఆపుతుందో అడగండి, చాలామంది దగ్గర జవాబుండదు.

మూడోది, ఫార్మాట్ కొట్టిన మర్నాడు ఏం జరుగుతుంది? 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది కాబట్టి పాత డబ్బాలు మార్చేవాళ్లు ఎక్కువయ్యారు. రొయ్యల పట్టుబడి సీజన్లో కొత్త సిస్టమ్ మీద ప్రోగ్రాము ఎక్కించి అరగంటలో బిల్లు కొట్టాలంటే ఏ ఫైలు తీసుకురావాలో కొట్టువాళ్లకి తెలియాలి.

ఇంకొకటుంది, ఇది ఎవరూ లెక్కలో వేసుకోరు. ఫోన్లో సరిచేయగలమా? పాలకొల్లు నుంచి ఫోన్ వస్తే "ఫలానా ఫైలు తెరవండి, నాలుగో లైను చూడండి" అని చెప్పగలిగితే నాకు బండి మీద వెళ్లే పని తప్పుతుంది.

## ప్రోగ్రాము పక్కనే ఐఎన్ఐ ఫైలు

అందరూ మొదట చేసేది ఇదే, నేనూ ఇదే చేశాను. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది, ఫోన్లో చెప్పడం తేలిక, ఫోల్డర్ కాపీ చేస్తే అన్నీ వచ్చేస్తాయి.

కానీ విండోస్ విస్టా నుంచి ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లో మామూలు యూజర్ ఏదైనా రాయబోతే సిస్టమ్ ఒప్పుకోదు. పాత 32 బిట్ ప్రోగ్రాము అయితే విండోస్ తప్పు అని కూడా చెప్పదు. మీరు రాసిన ఫైలుని చప్పుడు చేయకుండా యూజర్ ఫోల్డర్లో వర్చువల్‌స్టోర్ అనే మూలకి మళ్లిస్తుంది. అప్పుడు ఒకే ఫైలు రెండు చోట్ల ఉంటుంది. మీరు ఫోన్లో ఒకదాన్ని దిద్దిస్తారు, ప్రోగ్రాము రెండోదాన్ని చదువుతుంది. ఈ ఒక్క విషయం మీద నాకు తణుకులో ఒక పూట పోయింది. ప్రోగ్రాముని సి డ్రైవ్‌లో వేరే ఫోల్డర్లో పెట్టి తప్పించుకునేవాళ్లున్నారు. పని జరుగుతుంది కానీ అక్కడ ఎవరైనా ఏదైనా మార్చగలరు, మీ ఈఎక్స్ఈ ఫైలుతో సహా.

తెలుగులో సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకి ఇంకో దెబ్బ. విండోస్ ఇచ్చే పాత ఐఎన్ఐ ఫంక్షన్లు కొత్త ఫైలు పుట్టించేటప్పుడు యూనికోడ్‌లో పుట్టించవు. "శ్రీ లక్ష్మీ ట్రేడర్స్" అని తెలుగులో రాసి సేవ్ చేస్తే తిరిగి వచ్చేది ప్రశ్నార్థకాల వరస. మీరే ముందు యూటీఎఫ్-16 గుర్తుతో ఖాళీ ఫైలు తయారుచేసి ఉంచితే అదే ఫంక్షను తెలుగుని సరిగ్గా రాస్తుంది. లేదా ఆ ఫంక్షన్లు వదిలేసి యూటీఎఫ్-8లో జేసన్ ఫైలు రాసుకోండి. నేను రెండో దారిలోనే ఉన్నాను.

పాస్‌వర్డుకి మాత్రం ఈ చోటు పనికిరాదు. "బేస్64లో పెట్టాను కదా" అంటారు. అది అక్షరాల్ని వేరే రూపంలో రాయడమే, ఎవరైనా వెనక్కి తిప్పచ్చు. తాళం కాదు, గుడ్డ కప్పడం. చివర రెండు సమాన గుర్తులు చూడగానే ఇంజనీరింగ్ రెండో సంవత్సరం పిల్లాడు కూడా విప్పేస్తాడు. ఎఫ్‌టీపీ కోసం చాలామంది వాడే ఫైల్‌జిల్లా కూడా మాస్టర్ పాస్‌వర్డు పెట్టుకోకపోతే సైటు పాస్‌వర్డుల్ని బేస్64గానే ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్లో ఉంచుతుంది. ఇక కీని ప్రోగ్రాములోనే రాసేసి ఏఈఎస్ అనే గట్టి పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చెయ్యడం, అంటే తాళం వేసి చెవిని అదే గుమ్మానికి తగిలించడం. పెన్‌డ్రైవ్‌లో ప్రోగ్రామూ పోతుంది, ఫైలూ పోతుంది. ఆకివీడులో మళ్లీ నడుస్తుంది.

## యాప్‌డేటా, ప్రోగ్రామ్‌డేటా

సెట్టింగుల ఫైలుకి సరైన ఇల్లు ఇది. విండోస్‌లో మూడు గదులున్నాయి. యాప్‌డేటాలోని రోమింగ్ అనేది యూజర్ వెంట తిరిగేది. అందులోనే ఉన్న లోకల్ అనేది ఆ సిస్టమ్‌కే కట్టుబడినది. ప్రోగ్రామ్‌డేటా అందరిదీ. కాలేజీలాగానో కంపెనీలాగానో డొమైన్, అంటే అన్ని సిస్టముల లాగిన్లనీ ఒకే సర్వర్ చూసుకునే ఏర్పాటు ఉంటే తప్ప రోమింగ్ తిరగడమంటూ ఉండదు. అయినా పద్ధతి పాటించండి: ప్రింటర్ పేరు, విండో ఎక్కడ తెరుచుకోవాలి లాంటివి లోకల్‌లో, మిగతా ఇష్టాయిష్టాలు రోమింగ్‌లో. డొమైన్ ఉన్నచోట కౌంటర్ రెండులో లాగినైన మనిషికి కౌంటర్ ఒకటి ప్రింటర్ తగలకూడదు కదా.

ప్రోగ్రామ్‌డేటాలో ఒక చిక్కుంది. అక్కడ ఏ యూజరైనా కొత్త ఫైలు పెట్టగలడు, కానీ ఒకరు పెట్టిన ఫైలుని ఇంకొక మామూలు యూజర్ దిద్దలేడు. కొట్టు మొత్తానికి ఒకే సెట్టింగు ఫైలు అయితే ఇన్‌స్టాలరే మీ ఫోల్డర్‌కి రాసే అనుమతులు ఇచ్చి పెట్టాలి. లేకపోతే మొదటిరోజు ఇన్‌స్టాల్ చేసిన మనిషికి తప్ప ఇంకెవరికీ సేవ్ అవదు.

లినక్స్‌లో దీనికి సమానం యూజర్ హోమ్‌లోని చుక్క కాన్ఫిగ్ ఫోల్డర్. మ్యాక్‌లో లైబ్రరీ కింద అప్లికేషన్ సపోర్ట్, ప్రిఫరెన్సెస్.

ఫైలు ఎక్కడ పెట్టినా మన ఊళ్లలో కరెంటు సంగతి మర్చిపోకండి. సేవ్ అవుతున్న క్షణంలో కరెంటు పోయిందనుకోండి, యూపీఎస్ బ్యాటరీ రెండేళ్ల కిందటే చచ్చిపోయి ఉంటుంది. తిరిగి ఆన్ చేస్తే ఫైలు సైజు అంతే ఉంటుంది, తెరిస్తే లోపల రాసిందేమీ ఉండదు, అన్నీ విలువ సున్నా ఉన్న బైట్లే. వర్షాకాలంలో నాకు ఇలాంటి ఫోన్లు చాలానే వచ్చాయి. మందు తేలికే. నేరుగా అసలు ఫైలు మీద రాయకండి. పక్కన తాత్కాలిక ఫైలు రాసి, డిస్కుకి చేరిందని చూసుకుని, అప్పుడు పేరు మార్చి అసలు దాని స్థానంలో పెట్టండి. పాతదాన్ని చివర "పాత" అని తగిలించి ఒకటి ఉంచుకోండి. చదివేటప్పుడు కొత్తది పాడైతే పాతది చదవాలి. పది లైన్ల కోడు, ఆదివారం నాడు నరసాపురం ప్రయాణం తప్పుతుంది.

## రిజిస్ట్రీ

విండోస్ తన సెట్టింగులు దాచుకునే పెద్ద చిట్టా రిజిస్ట్రీ. వీబీ6 (విజువల్ బేసిక్) కాలంలో సేవ్‌సెట్టింగ్ అని ఒక్క లైను రాస్తే విలువ వెళ్లి రిజిస్ట్రీలో కరెంట్ యూజర్ కింద "వీబీ అండ్ వీబీఏ ప్రోగ్రామ్ సెట్టింగ్స్" అనే చోట కూర్చునేది. ఆ ప్రోగ్రాములు ఇంకా కొన్ని మిల్లుల్లో నడుస్తున్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. దూరంగా ఉన్న సర్వర్లలోకి లాగిన్ అవడానికి వాడే పుట్టీ లాంటి పేరున్న ప్రోగ్రాము ఇప్పటికీ తన సెషన్లన్నీ రిజిస్ట్రీలోనే పెడుతుంది. గమనించారో లేదో, అది పాస్‌వర్డుని మాత్రం అసలు సేవ్ చెయ్యదు.

సెట్టింగులకి రిజిస్ట్రీ బాగానే ఉంటుంది. కరెంటు పోయినా ఫైలంత తేలిగ్గా చెడదు. కానీ ఫార్మాట్ కొడితే పోతుంది, ఎక్కడుందో కొట్టువాళ్లకి తెలీదు కాబట్టి ముందుగా ఎవరూ బ్యాకప్ తియ్యరు. ఫోన్లో రిజిస్ట్రీ ఎడిటర్ తెరిపించి దిద్దించాలంటే నాకు చెమటలు పడతాయి. ఒక కీ బదులు ఇంకో కీ చెరిపితే మన ప్రోగ్రాముతో పోదు.

పాస్‌వర్డు విషయంలో ఐఎన్ఐ కంటే ఒక్క మెట్టు నయం, అదీ ఫోల్డర్ కాపీతో పోదు కాబట్టి. అంతే. ఆ లాగిన్‌లో కూర్చున్న ఎవరైనా వెతుక్కుని చదవచ్చు.

## డేటాబేసులోనే ఒక టేబుల్

బిల్లులు ఎలాగూ ఎస్‌క్యూలైట్‌లోనో ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనో ఉంటాయి కాబట్టి సెట్టింగులకీ ఒక టేబుల్ పెడితే బ్యాకప్ ఒకటే అవుతుంది. కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) వారీ ధరలు, పన్ను శాతాలు, బిల్లు కింద అచ్చయ్యే మాటలు, ఇలా కొట్టంతటికీ సంబంధించినవి ఇక్కడే ఉండాలి. ఒక్క సిస్టమ్‌కే సంబంధించిన ప్రింటర్ పేరు ఉండకూడదు. డేటాబేసు ఎక్కడుందో చెప్పే అడ్రసు కూడా దాని లోపలే ఉండలేదు కదా, దానికెలాగూ బయట ఫైలు కావాలి.

ఎస్‌క్యూలైట్ ఫైలుని షేర్డ్ ఫోల్డర్లో పెట్టి నాలుగు సిస్టములు దాని మీద రాయడం మాత్రం వద్దు. నెట్‌వర్క్ మీద ఫైలు లాకులు నమ్మకంగా పనిచెయ్యవని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతారు.

## సిస్టమ్ ఇచ్చే ఇనప్పెట్టె

పాస్‌వర్డులకి నా మొదటి ఎంపిక ఇది. విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజర్, దాని వెనక పనిచేసే డీపీఏపీఐ. మ్యాక్‌లో కీచెయిన్. లినక్స్‌లో గ్నోమ్ కీరింగ్ లేదా కేవాలెట్. పైథాన్‌లో కీరింగ్ లైబ్రరీ, క్యూటీలో క్యూటీకీచెయిన్, ఎలక్ట్రాన్‌లో సేఫ్‌స్టోరేజ్, డాట్‌నెట్‌లో ప్రొటెక్టెడ్‌డేటా. ఏ భాషలో రాసినా దీనికి దారుంది.

డీపీఏపీఐ విండోస్ 2000 నుంచి ఉంది. మూసే ఫంక్షను ఒకటి, తెరిచే ఫంక్షను ఒకటి. ప్రతి యూజర్‌కీ విండోస్ ఒక మాస్టర్ కీ తయారుచేసి, దాన్ని ఆ మనిషి లాగిన్ పాస్‌వర్డుతో మూసి ఉంచుతుంది. మనమిచ్చిన రహస్యాన్ని ఆ కీతో కట్టి మూటలా తిరిగిస్తుంది. ఆ మూటని మీరు మామూలు సెట్టింగుల ఫైల్లోనే పెట్టుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో ఆకివీడు వెళితే అక్కడ విప్పుడు పడదు. నా మొదటి గొడవ ఈ ఒక్క దెబ్బతో తీరిపోయింది. క్రెడెన్షియల్ మేనేజర్ అయితే ఆ మూటని దాచే పని కూడా విండోసే చూసుకుంటుంది, కంట్రోల్ ప్యానెల్‌లో పేరుతో కనిపిస్తుంది, అక్కర్లేకపోతే కొట్టువాళ్లే తీసెయ్యచ్చు. ఒక్కో దాంట్లో 2560 బైట్లే పడతాయి. పాస్‌వర్డుకి అది ఎక్కువే, పొడుగాటి టోకెన్లకి చాలదు. అప్పుడు డీపీఏపీఐని నేరుగా వాడాలి.

ఇబ్బందులు కూడా ఉన్నాయి, అవే అసలు చెప్పాల్సినవి.

మన కొట్లలో విండోస్‌కి పాస్‌వర్డే లేదన్నాను కదా. మాస్టర్ కీని మూసేది లాగిన్ పాస్‌వర్డు. అది ఖాళీ అయితే తాళం కూడా ఖాళీయే. డిస్కు తీసుకెళ్లిన తెలివైనవాడు తీరిగ్గా విప్పుకోగలడు. పెన్‌డ్రైవ్ కాపీని మాత్రం అప్పుడూ ఆపుతుంది. అంటే ఖాళీ లాగిన్ ఉన్న కొట్లో మూడు ప్రమాదాల్లో మొదటిదానికే కాపలా. అది తెలిసి వాడితే తప్పులేదు, ఎందుకంటే మన దగ్గర రోజూ జరిగేది ఆ మొదటిదే.

ఒకే లాగిన్‌లో నడిచే ఏ ప్రోగ్రామైనా విండోస్‌ని అడిగి ఆ రహస్యాన్ని తెరిపించుకోగలదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇది సరిగ్గా అదే. క్రోమ్ బ్రౌజర్ చాలా ఏళ్లు డీపీఏపీఐ మీదే ఆధారపడింది. పాస్‌వర్డులు దొంగిలించే వైరస్‌లు అదే లాగిన్‌లో కూర్చుని చదివేస్తుంటే, 2024లో ప్రోగ్రాముకే కట్టుబడే ఇంకో పొర దాని మీద వేసుకోవాల్సి వచ్చింది. మ్యాక్ కీచెయిన్ ఇక్కడ కాస్త మెరుగు, వేరే ప్రోగ్రాము వచ్చి అడిగితే యూజర్‌ని అనుమతి అడుగుతుంది. లినక్స్ కీరింగ్ ఒకసారి తెరుచుకుంటే ఆ సెషన్‌లో అడిగినవాళ్లందరికీ ఇస్తుంది. పైగా ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకుంటే కీరింగ్ మూసే ఉండి, ప్రోగ్రాము తెరవగానే పాస్‌వర్డు అడుగుతూ కూర్చుంటుంది.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది పాస్‌వర్డు రీసెట్. యూజర్ తన పాస్‌వర్డు తానే మార్చుకుంటే ఏం కాదు, విండోస్ మాస్టర్ కీని కొత్త పాస్‌వర్డుతో మళ్లీ మూసుకుంటుంది. కానీ పాస్‌వర్డు మర్చిపోయారని రిపేరు కుర్రాడు బూట్ పెన్‌డ్రైవ్ పెట్టి దాన్ని కొట్టిపారేశాడనుకోండి, పాత మూటలు ఇక తెరుచుకోవు. "కీ నాట్ వ్యాలిడ్ ఫర్ యూజ్ ఇన్ స్పెసిఫైడ్ స్టేట్" అని వస్తుంది. మొదటిసారి అది చూసి నా ప్రోగ్రాములోనే లోపం అనుకుని అర్ధరాత్రి దాకా వెతికాను. ఇప్పుడు నా కోడులో ఆ తప్పు వస్తే ప్రోగ్రాము ఆగదు. పాత మూట పారేసి, "ఎస్ఎంఎస్ పాస్‌వర్డు మళ్లీ ఒకసారి కొట్టండి" అని తెలుగులో అడుగుతుంది. మీరూ ఇది తప్పకుండా పెట్టండి. ఇనప్పెట్టెలో ఉన్నదాన్ని ఎప్పుడైనా పోయేదిగానే చూడాలి. పోతే మళ్లీ పుట్టించలేని రహస్యాన్ని, అంటే డేటాని మూసిన అసలు కీ లాంటిదాన్ని, ఒక్క అక్కడే ఉంచకూడదు.

ఇంకో చిన్న చిక్కు. రాత్రి బ్యాకప్‌కో మెసేజీలకో విండోస్ సర్వీసు రాసుంటే అది వేరే ఖాతాలో నడుస్తుంది. కౌంటర్ యూజర్ దాచింది దానికి కనపడదు. డీపీఏపీఐలో లోకల్ మెషీన్ అనే జెండా పెడితే కనపడుతుంది, కానీ అప్పుడు ఆ సిస్టమ్‌లో ఎవరైనా తెరవచ్చు. అలా వాడితే ఆ ఫైలు ఉన్న ఫోల్డర్‌కి అనుమతులు బిగించక తప్పదు.

## మాస్టర్ పాస్‌వర్డుతో మీ సొంత పెట్టె

పాస్‌వర్డులు దాచుకునే కీపాస్ ప్రోగ్రాము నడిచేది ఇలాగే. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డు పెట్టుకుంటే అదీ ఇంతే. మనిషి కొట్టే పాస్‌వర్డు నుంచి కీ పుట్టించి దానితో మూస్తారు, ఆ పాస్‌వర్డు ఎక్కడా ఉండదు. పెట్టె ఏ సిస్టమ్‌కి తీసుకెళ్లినా తెరుచుకుంటుంది, డిస్కు పోయినా భయం లేదు. ఖాళీ లాగిన్ ఉన్న కొట్లో డిస్కు దొంగ చేతిలో పడినా పాస్‌వర్డులు పోకుండా ఆపాలంటే ఇదొక మంచి దారి.

కీ పుట్టించడానికి ఆర్గాన్2 వాడండి, 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో గెలిచింది అదే. మీ భాషలో దొరక్కపోతే పీబీకేడీఎఫ్2, తిప్పుళ్లు లక్షల్లో ఉండాలి. ఊరికే ఒక్కసారి ఎస్‌హెచ్ఏ-256 తిప్పి కీ అనకండి.

దీని బలహీనత మనిషే. రోజుకి పదిసార్లు అడిగితే మూడోరోజుకి ఆ పాస్‌వర్డు గోడ క్యాలెండర్ మీద స్కెచ్ పెన్నుతో కనిపిస్తుంది. మర్చిపోతే ఇక అంతే, నేనూ తెరవలేను. "మీరే రాశారు కదండీ, మీరు కూడా తియ్యలేరా?" అని అడుగుతారు. ముందే కాగితం మీద రాయించి ఓనరు గారి బీరువాలో పెట్టించండి.

## అసలు దాచకపోవడం

దీన్ని చాలామంది ఎంపికగానే చూడరు. నెలకోసారి వాడే లాగిన్‌ని సేవ్ చెయ్యడం దేనికి? పన్ను రిటర్న్ వేసే రోజున అడిగి, వాడి, మెమరీలోంచి తీసెయ్యచ్చు. రోజూ వాడేదైతే అసలు పాస్‌వర్డు కాకుండా విడిగా రద్దు చేసుకోగలిగేది దాచండి. జీమెయిల్‌తో బిల్లులు పంపేవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. 2022 మే 30 నుంచి మామూలు ఖాతాల అసలు పాస్‌వర్డుతో బయటి ప్రోగ్రాములు పంపడాన్ని గూగుల్ ఆపేసింది. అప్పట్నుంచి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు వాడుతున్నాం. అది బయటికి పోతే ఒక్క నొక్కుతో రద్దు, ఓనరు గారి మెయిల్ భద్రం. నేను చెప్పిన ఎస్ఎంఎస్ గొడవలో కూడా ఒక్కో కొట్టుకి ఒక్కో టోకెన్ ఉండి ఉంటే పది నిమిషాల్లో తెమిలిపోయేది.

## ఒకచోట పెట్టి చూస్తే

| చోటు | సెట్టింగులకి | పాస్‌వర్డులకి | ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో పోతే | ఫార్మాట్ కొడితే |
|---|---|---|---|---|
| ప్రోగ్రాము పక్కన ఐఎన్ఐ | చిన్న పనికి సరే | వద్దు | అన్నీ పోతాయి | బ్యాకప్ ఉంటే తిరిగొస్తాయి |
| యాప్‌డేటా, ప్రోగ్రామ్‌డేటా | మేలైనది | ఉత్తినే వద్దు, డీపీఏపీఐ మూటగా అయితే సరే | పోదు | విడిగా కాపీ తీసుకోవాలి |
| రిజిస్ట్రీ | ఫరవాలేదు | వద్దు | పోదు | పోతాయి |
| డేటాబేసు టేబుల్ | కొట్టంతటి వాటికి మేలు | వద్దు | డేటాబేసు అదే ఫోల్డర్లో ఉంటే పోతుంది | బ్యాకప్‌తో తిరిగొస్తాయి |
| సిస్టమ్ ఇనప్పెట్టె | అక్కర్లేదు | మేలైనది | మూట పోయినా తెరుచుకోదు | పోతాయి, మళ్లీ కొట్టాలి |
| మాస్టర్ పాస్‌వర్డు పెట్టె | అక్కర్లేదు | ల్యాప్‌టాపుకి, పెన్‌డ్రైవ్ ప్రోగ్రాముకి మేలు | పోయినా తెరుచుకోదు | బ్యాకప్‌తో తిరిగొస్తాయి |

## మీరు ఎవరికి రాస్తున్నారు

మేత కొట్టు, ఎరువుల కొట్టు: ఒక సిస్టమ్, ఒకే లాగిన్. సెట్టింగులు యాప్‌డేటాలో జేసన్ ఫైలుగా. పాస్‌వర్డులు క్రెడెన్షియల్ మేనేజర్‌లో. ప్రోగ్రాములో "సెట్టింగులు బయటికి తీయి" అని ఒక బటన్ పెట్టండి, అందులో పాస్‌వర్డులు తప్ప మిగతావన్నీ రావాలి. గుమస్తా కుర్రాళ్లు కాపీ చేసుకోవడం మనం ఆపలేం. వాళ్లకి మంచి దారి చూపిస్తే అడ్డదారి వెతకరు. విండోస్‌కి పాస్‌వర్డు పెట్టించగలిగితే పెట్టించండి, పెట్టాక రోజూ కొట్టేది పిన్ అయినా సరే. నేను అడిగినవాళ్లలో సగం మంది కూడా ఒప్పుకోలేదు.

రైసు మిల్లు, ఐసు ఫ్యాక్టరీ: మూడు నాలుగు సిస్టములు, ఒక సర్వర్. ధరలు, తూకం లెక్కలు డేటాబేసులో. సర్వర్ అడ్రసు ప్రోగ్రామ్‌డేటాలో. ఇక్కడ అసలు ప్రమాదం డేటాబేసు పాస్‌వర్డు. తూకం దగ్గరి సిస్టమ్‌కీ ఆఫీసు సిస్టమ్‌కీ "ఎస్ఏ" అనే అడ్మిన్ పాస్‌వర్డే ఇచ్చేస్తాం, నేనూ ఇచ్చాను. తూకం మనిషికి తూకాల టేబుల్లో రాయడం వరకే హక్కున్న యూజర్‌ని తయారుచేసి ఆ పాస్‌వర్డుని ఆ సిస్టమ్ ఇనప్పెట్టెలో పెట్టండి. అది బయటికి పోయినా మిల్లు లెక్కలు చెరపలేరు. ఎంత బాగా దాచామన్నదాని కంటే దాచినదానికి ఎంత హక్కుందన్నది ఇక్కడ ముఖ్యం.

చెరువు గట్ల మీద తిరిగే ల్యాప్‌టాపు. కాళ్ల, మొగల్తూరు ఊళ్ల వైపు ఏరియేటర్ (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రం) షెడ్డులో బల్ల మీద పెట్టి నీళ్ల పరీక్షలు రాసుకునే టెక్నీషియన్ల సంగతి. పోవడానికీ నీళ్లలో పడడానికీ రెండిటికీ అవకాశం ఉంది. విండోస్ పాస్‌వర్డు తప్పనిసరి, డిస్కు ఎన్‌క్రిప్షన్ ఆన్ చెయ్యాలి, దాని రికవరీ కీ ఆఫీసులో ఉండాలి. ఆ రెండూ ఉంటే క్రెడెన్షియల్ మేనేజర్ చాలు. మాస్టర్ పాస్‌వర్డుతో సతాయించకండి, తడి చేతులతో కొట్టుకునేవాళ్లు.

పెన్‌డ్రైవ్ మీదే నడిచే ప్రోగ్రాము. నాలుగు కొట్ల లెక్కలు చూసే అకౌంటెంట్లు ఇది అడుగుతారు. సిస్టమ్ ఇనప్పెట్టె ఇక్కడ పనికిరాదు, ఎక్కడికక్కడ వేరే సిస్టమ్ కాబట్టి. సెట్టింగులు పక్కన ఫైల్లో, పాస్‌వర్డులు మాస్టర్ పాస్‌వర్డు పెట్టెలో. అదీ వద్దంటే ప్రతిసారీ అడగండి.

మొదటి ప్రోగ్రాము రాస్తున్న విద్యార్థులు. సెట్టింగుల ఫైలు, కీరింగ్ లైబ్రరీ, రెండూ ఈ సాయంత్రమే నేర్చుకోవచ్చు. సొంతంగా ఎన్‌క్రిప్షన్ కనిపెట్టకండి.

ఏది ఎంచుకున్నా రెండు చిల్లులు పూడ్చండి. లాగ్ ఫైల్లో సర్వర్‌కి పంపిన అభ్యర్థన మొత్తం అచ్చేసి, అందులో పాస్‌వర్డు కూడా అచ్చయిపోవడం ఒకటి. రెండోది వాట్సాప్. "పని చెయ్యట్లేదండీ" అంటూ సెట్టింగుల పేజీని ఫోన్‌తో ఫోటో తీసి పంపుతారు. ఆ పేజీలో పాస్‌వర్డు చుక్కలుగా కూడా చూపించకండి, చుక్కలు చూస్తే కళ్ల గుర్తు నొక్కి మరీ ఫోటో తీస్తారు. "పాస్‌వర్డు ఉంది" అని రాసి, పక్కన "మార్చు" బటన్ పెడితే చాలు.

## పాత ప్రోగ్రాము ఇప్పటికే కొట్లలో ఉంటే

కొత్త వెర్షను మొదటిసారి తెరుచుకున్నప్పుడు పాత ఐఎన్ఐలో పాస్‌వర్డు లైను ఉందేమో చూడాలి. ఉంటే ఇనప్పెట్టెలో పెట్టి, తిరిగి చదివి సరిపోయిందని చూసుకుని, అప్పుడే పాత లైను చెరపాలి. ఈ వరస తప్పకండి. నేను ముందు చెరిపి తర్వాత రాసేలా పెట్టిన వెర్షన్ ఒకటి అమలాపురంలో రెండు కొట్లకి వెళ్లింది, రెండు చోట్లా పాస్‌వర్డు గాల్లో కలిసిపోయింది.

ఇన్నాళ్లూ ప్రతి సాయంత్రం ఆ ఫోల్డర్‌నే బ్యాకప్ అని పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నారు. ఐఎన్ఐలో లైను చెరిపినంత మాత్రాన ఆ పెన్‌డ్రైవుల్లో చెరగదు. అవి ఎన్ని సొరుగుల్లో ఉన్నాయో, ఎన్ని ఎవరి జేబుల్లో వెళ్లాయో ఓనరు గారికే లెక్క లేదు. అందుకని కొత్త వెర్షను పెట్టిన రోజునే, టీ చల్లారేలోపు, ఆ ఎస్ఎంఎస్ ఖాతా పాస్‌వర్డు మార్పించి కొత్తది కొట్టించుకునే నేను కొట్టు మెట్లు దిగుతున్నాను.